తొందరున్నవాళ్లకి తివాచీ

సెప్టెంబరు వచ్చిందంటే లిపొవ్కా ఊళ్లో ఇంటింటి పొయ్యి మీదా ఆల్‌బుఖారా పళ్లు ఉడుకుతుంటాయి. చక్కెర వెయ్యరు, నీళ్లు పొయ్యరు, కలుపుతూ ఉండటమే పని. గరిటె ఆపితే అడుగంటుతుంది, మంట పెంచితే మాడుతుంది, మనిషి లేచి వెళ్తే రెండూ జరుగుతాయి. అందుకే ఆ రోజు ఊరి మేయరు బొహౌష్ ఎవరో కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చి, "వదినా, ఒక్క నిమిషం బయటికొస్తావా?" అని గుమ్మంలోంచి పిలిచినప్పుడు, వ్లాస్తా వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"ఏ నిమిషమైనా ఇక్కడికే తీసుకురా. ముందు ఇద్దరూ బూట్లు విప్పండి."

బొహౌష్ అప్పటికే విప్పేశాడు. ఆ దేశంలో ఎంత పదవైనా గుమ్మం దాకానే.

కొత్త మనిషి పేరు రాదిమ్. రాజధాని ప్రాగ్ నగరంలో యాత్రల కంపెనీలో పనిచేస్తాడు. జుట్టుకు నూనె, చేతికి గడియారం, ఆ గడియారం మీదనుంచి పక్కకు తిరగని కళ్లు. ఏ ఊళ్లో ఏం చూడాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తేల్చేది అతనే. కుర్చీ అంచున కూర్చుని, తన కొత్త యాత్ర గురించి పెళ్లిచూపులకొచ్చినవాడిలా చెప్పుకొచ్చాడు. ఆరు రోజుల్లో మధ్య యూరప్ మొత్తం. ప్రాగ్, క్రుమ్లోవ్, వియన్నా, బ్రాతిస్లావా, బుడాపెస్ట్, క్రాకోవ్.

"ఆరు రోజుల్లో ఆరు ఊళ్లా? మరి నిద్ర ఏ ఊళ్లో?" అంది వ్లాస్తా.

"బస్సులో," అన్నాడు రాదిమ్ గర్వంగా.

"బావుంది. తిరిగి ఇంటికెళ్లాక ఏం చూశారని ఎవరైనా అడిగితే, ముందు సీట్లో కూచున్నవాళ్ల బట్టతల అని చెప్తారు."

"వదినా!" అన్నాడు బొహౌష్.

రాదిమ్ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి అతని దగ్గర సమయం లేదు. "మీ ఊరు వియన్నా దారిలో పడుతుంది మేడమ్. అక్కడ మాకో మజిలీ కావాలి. ఇరవై నిమిషాలు. బాత్‌రూములు ఎలాగూ దివాణం పెరట్లో ఉన్నాయట. మీరు దివాణం చూపించే మనిషి కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా. మీ ఊళ్లో ఇరవై నిమిషాల్లో చూడదగ్గదేముంది?"

వ్లాస్తా గరిటె తిప్పుతూ నిజంగానే ఆలోచించింది.

"మీ బస్సు వెనక చక్రం," అంది. "కాస్త తొందరపడితే ముందు చక్రం కూడా చూడొచ్చు."

అయినా ఆవిడకు మనుషుల్ని ఊళ్లు తిప్పడమంటే ఇష్టం. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా లిపొవ్కాలోని పాత ప్రభువుల దివాణంలో వచ్చినవాళ్లకి గదులు చూపించడమే ఆవిడ పని. చలికాలం దివాణానికి తాళం పడగానే, ఓ పదిరోజులు ఊళ్లు తిరగడానికి భర్త లుబోర్‌ని లాక్కుని రైలెక్కేస్తుంది. అందుకని ఉండబట్టలేక చెప్పింది. "వియన్నాలో మహారాణిగారి మంచాలు వదిలెయ్యి. ట్రామెక్కించి ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్లు. కొండ మీద ద్రాక్షతోటలో బల్లలేసుంటాయి, కొత్త ద్రాక్షసారా పోస్తారు. బుడాపెస్ట్‌లో వేణ్నీళ్ల కొలనులో దింపు. అక్కడ ముసలాళ్లు పీకలదాకా నీళ్లలో కూచుని చదరంగం ఆడుతుంటారు. ఓ పూట వాళ్ల పక్కన కూచోబెట్టు. బ్రాతిస్లావాలో అయితే నీకసలు పనే లేదు. నది ఒడ్డున వదిలెయ్యి. అది నడుస్తుంది, వీళ్లు కూచుంటారు."

"ఊరికే కూచోబెట్టడానికి నేను టికెట్ ఎలా అమ్మను మేడమ్?"

"ఊరికే పరుగెత్తించడానికి అమ్ముతున్నావుగా."

బొహౌష్ గొంతు సవరించుకున్నాడు. అతను వ్లాస్తా భర్తకు తమ్ముడు, దివాణం ఊరి సొత్తు కాబట్టి ఆవిడకు యజమాని కూడా. మామూలు రోజుల్లో మొదటి చుట్టరికమే నడుస్తుంది. ఇవాళ రెండోది బయటికి తీశాడు. "అసలు సంగతి చెప్పేస్తాను వదినా. పెద్ద హాలు చూపిద్దామనుకుంటున్నాం. కానీ ఆ పాపోసులతో కష్టం."

గరిటె మొదటిసారి ఆగింది.

పాపోసులంటే బూట్ల మీదనుంచే తొడుక్కునే మందపాటి ఉన్ని చెప్పులు, పడవల్లా ఉంటాయి. ఆ దేశంలో ఏ దివాణానికి వెళ్లినా గుమ్మం పక్కన కొయ్యపెట్టె నిండా ఉంటాయి. అవి తొడుక్కోనిదే లోపల అడుగు పెట్టనివ్వరు. లిపొవ్కాలో అయితే వాటిని ప్రతి చలికాలమూ వ్లాస్తా, పక్కింటి హెద్వికమ్మ కలిసి పొయ్యి దగ్గర కూర్చుని బాగుచేస్తారు. కొన్నిటికి వ్లాస్తా పెళ్లినాటి కోటు అతుకులుంటాయి, కొన్నిటికి పోయిన పోస్టుమాస్టరుగారి టోపీ.

"నలభై మందికి అవి తొడిగేసరికే సగం సమయం పోతుంది," అన్నాడు రాదిమ్. "పొడుగ్గా తివాచీ పరిచేస్తే ఈ తలుపులోంచి లోపలికి, ఆ తలుపులోంచి బయటికి. చెవుల్లో రికార్డు మాట్లాడుతుంది, పది భాషల్లో. మీరు కష్టపడక్కర్లేదు, టికెట్ల కిటికీ దగ్గర హాయిగా కూచోవచ్చు."

"తివాచీ వచ్చేసింది వదినా," అన్నాడు బొహౌష్ నేల చూస్తూ. "ఎర్రది."

వ్లాస్తాకు అడుగంటిన వాసన వచ్చింది. అది పొయ్యి మీదనుంచో తన లోపలనుంచో తెలియలేదు. గరిటె మళ్లీ తిప్పింది.

"మేయరుగారూ," అంది. మరిదిని ఆవిడ అలా పిలిచిందంటే ఇంట్లో పిల్లి కూడా బల్ల కిందికి పోతుంది. "ఆ హాల్లో తివాచీ పడితే, చూడ్డానికి ఇక తివాచీయే మిగుల్తుంది. అది మీకూ తెలుసు. నాకొక్క బస్సు ఇవ్వండి. పాపోసులతో. బయటికొచ్చాక వాళ్లలో ఒక్కరైనా 'ఇదేం తంటా' అన్నారంటే, ఆ తివాచీ నా చేత్తో నేనే పరుస్తాను. మేకులు కూడా నేనే కొడతాను."

"అయ్యో, మేకులొద్దు వదినా! నేల పాడైపోతుంది!"

"చూశారా? మీకూ నొప్పిగానే ఉంది."

* * *

బస్సు వచ్చిన రోజు వాన పడింది. ఎర్ర తివాచీ చాపచుట్టలా దివాణం వసారాలో గోడకు ఆని నిలబడి ఉంది, అడగకుండా వచ్చి కూర్చున్న చుట్టంలా. దాని పక్కన బొహౌష్. ఇద్దరిలో తివాచీయే కాస్త ధైర్యంగా కనిపించింది. హెద్వికమ్మ పెట్టె పక్కన పీట వేసుకుని, దిగినవాళ్ల పాదాలు చూసి సైజు అంచనా కట్టి పాపోసులు అందిస్తోంది. మొహాలు చూడనే లేదు.

దిగినవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో. ప్రాగ్ అప్పుడే మర్చిపోయి, వియన్నా ఇంకా మొదలుపెట్టని మొహాలు. ఒక పొడుగాటి పెద్దాయన చేతికర్రతో వచ్చాడు. ఒక మొగుడూ పెళ్లామూ పొద్దున ఎక్కడో తగవుపడి, ఒకే గొడుగు కింద ఉండి కూడా చెరో వైపు తడుస్తూ వచ్చారు. డ్రైవరు కుబాత్ మాత్రం తన సీట్లోనే ఉండి రొట్టెముక్క విప్పుకున్నాడు.

"పద్దెనిమిది నిమిషాలు," అన్నాడు రాదిమ్ వసారాలోంచి.

వ్లాస్తా వినబడనట్టు హాలు తలుపులు తీసింది. ఆవిడకు వచ్చినంత జర్మన్, రానంత ఇంగ్లీషు, మిగతాదంతా చేతులు. "పైకి చూడకండి," అంది.

అంతా పైకి చూశారు. చూడకండి అన్నాక చూడనివాళ్లు ఏ దేశంలోనూ లేరు. పైకప్పు నిండా దేవుళ్ల విందు చిత్రం. మబ్బుల మీద బల్లలు, బల్లల మీద పళ్లు, కానీ ఎంతో ఎత్తున, మసకగా. నాలుగు మెడలు పట్టేశాయి. రెండు ఆవలింతలు వచ్చాయి.

"సరే. చూశారుగా, ఏం లేదు. ఇప్పుడు కిందికి చూడండి."

కిందికి చూశారు. నేలంతా అక్రోటు, ఓక్, పియర్ చెక్కలు పూలతీగల్లా అల్లి పరిచిన నేల. అయితే ఎవరికీ ముందు చెక్క కనిపించలేదు. చెరువులో ఆకాశం కనిపించినట్టు, పైనున్న విందంతా కింద తేలుతోంది. పైన మసకగా ఉన్నదేదీ ఇక్కడ మసకగా లేదు. ద్రాక్షసారా దేవుడు తాగి మబ్బు అంచునుంచి జారిపోతూ, కుడిచేత్తో గాలిని పట్టుకున్నాడు. పాపం, పట్టుకోవడానికి అక్కడ ఇంకేమీ లేదు.

గొడుగు కింద తడుస్తూ వచ్చిన పెళ్లాం, మొగుడి చెయ్యి పట్టుకుని ఆ దేవుణ్ణి చూపించింది. పొద్దుటినుంచి మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఆమెకు ఆలస్యంగా గుర్తొచ్చింది. అప్పటికే చూపించేసింది.

"ఈ మెరుపు ప్రభువులు పెట్టించింది కాదు," అంది వ్లాస్తా. "వాళ్లు వెళ్లిపోయి చాలా కాలమైంది. మేము పెట్టిందీ కాదు, మాకంత ఓపిక లేదు. మీలాగే వచ్చినవాళ్లు ఈ పాపోసులతో రుద్ది రుద్ది పెట్టారు. మీకోసం ఎవరో రుద్దారు. ఇప్పుడు మీ వంతు. ఇక్కడ నడవకూడదు. జారాలి."

మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత పొడుగాటి పెద్దాయన చేతికర్ర గోడకు ఆనించాడు. కుడికాలు ముందుకు తోశాడు. ఎడమకాలు తోశాడు. హాలు అటు చివరికి వెళ్లి, అక్కడ కిటికీకి వంగి దండం పెట్టి, మళ్లీ తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఎవరి చెప్పులు ఎవరివో తెలియలేదు. ఒక ముసలావిడ ఇద్దరు మనవరాళ్ల భుజాలు పట్టుకుని రైలుబండి అయిపోయింది. గొడుగు దంపతులు చేతులు కలిపి తిరగడం మొదలుపెట్టారు.

"సమయం అయిపోయింది!" రాదిమ్ కేక వసారాలోంచి వచ్చింది. ఒక్కరూ తల తిప్పలేదు. "బస్సు! వియన్నా! వియన్నా వెళ్లొద్దా మీకు?"

"వియన్నా ఎక్కడికీ పోదు నాయనా," అంది హెద్వికమ్మ, పీట మీదనుంచే.

రాదిమ్ విసురుగా గుమ్మం దాకా వచ్చాడు. వ్లాస్తా హాలు మధ్యలోంచి, తల కూడా ఎత్తకుండా, "పాపోసులు!" అంది.

అంతే, గాల్లో లేచిన కాలు గాల్లోనే ఆగింది.

ఆ దేశంలో బడికెళ్లినవాడెవడూ ఆ మాట దాటి అడుగు వెయ్యలేడు. పంతులమ్మ వెంట వరసలో నిలబడి, ముక్కు చీదుకుంటూ, తన కాళ్లకన్నా రెట్టింపు పాపోసుల్లో దివాణాలు ఊడ్చిన పిల్లలే అక్కడ పెరిగి డాక్టర్లూ మంత్రులూ అవుతారు. బుర్ర మర్చిపోయినా కాళ్లు మర్చిపోవు. రాదిమ్ లోపలికి నడిచి వెళ్తే ఆపగలిగేవాళ్లు అక్కడెవరూ లేరు. అయినా తాడు కట్టినట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"కుబాత్!" అని వానలోకి అరిచాడు. "వెళ్లి వాళ్లని బయటికి తోలుకురా!"

కుబాత్ వచ్చాడు. బుద్ధిగా పాపోసులు తొడుక్కున్నాడు. లోపలికి వెళ్లాడు. తిరిగి రాలేదు. కాసేపటికి ఆ భారీ మనిషి చేతులు రెండూ చాచి, కళ్లు మూసుకుని గుమ్మం ముందునుంచి ఓడలా సాగిపోయాడు.

"మేయరుగారూ! మీరైనా చెప్పండి!" అని రాదిమ్ పక్కకు తిరిగాడు. పక్కన తివాచీ ఒక్కటే ఉంది. బొహౌష్ అప్పటికే లోపల, చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద తిరిగినట్టు, చేతులు వెనక్కి కట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు.

ప్రయాణికులు లోపల, డ్రైవరు లోపల, మేయరు లోపల. మొత్తం యాత్రలో సమయానికి బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నవాడు ఒక్కడే, అతనికి బస్సు నడపడం రాదు.

"ఇవ్వండి!" అన్నాడు రాదిమ్ హెద్వికమ్మ ముందు చెయ్యి చాచి.

హెద్వికమ్మ పెట్టె అడుగుదాకా తడిమింది. ఒకటి పోస్టుమాస్టరు టోపీది, పెద్దది. ఇంకొకటి పసిపిల్లలది. "ఇవే మిగిలాయి. తొందరగా నడవకు నాయనా. వీటికి తొందర పడదు."

అతను తొందరగా నడిచాడు. పెద్ద పాపోసు ముందుకెళ్లింది, చిన్నది రానంది. మధ్యలో ఉన్న రాదిమ్ కుడిచేత్తో గాలిని పట్టుకుని, సరిగ్గా ద్రాక్షసారా దేవుడు జారిపడుతున్న చోటే చతికిలబడ్డాడు. పైన ఒకడు, కింద ఒకడు, ఇద్దరి చెయ్యీ ఒకే తీరున గాల్లో ఉంది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇదీ మజిలీలో భాగమే అనుకున్నారు.

వ్లాస్తా నవ్వలేదు. దగ్గరికి జారివచ్చి చెయ్యి అందించింది. "దెబ్బ తగిలిందా బాబూ?"

"మీ మజిలీ జాబితాలోంచి కొట్టేశాను!" అన్నాడు రాదిమ్, ఆ చెయ్యి పట్టుకోకుండా లేచే ప్రయత్నంలో ఇంకోసారి పడుతూ. "వినబడిందా? కొట్టేశాను! హైవే మీద పెట్రోలు బంకు దగ్గర ఆపుకుంటాం!"

"ఆపుకో. అక్కడ నేల సిమెంటుది, పడవు."

* * *

మర్నాటినుంచి బస్సు రాలేదు. బస్సు జనం మీద ఆశపెట్టుకున్న సారాకొట్టు యజమాని, వ్లాస్తా కనబడితే గ్లాసులు గట్టిగా తుడవడం మొదలుపెట్టాడు. బొహౌష్ వదినతో మాట్లాడటం మానేసి, చెప్పాల్సిందేదైనా ఉంటే లుబోర్‌తో చెప్పేవాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉన్నా సరే.

"అన్నయ్యా, దివాణం కప్పు కారుతోందని వదినకి చెప్పు. బస్సులు వచ్చుంటే పెంకులు కొనేవాళ్లమని కూడా చెప్పు."

"విన్నావా?" అనేవాడు లుబోర్, రొట్టెకు తేనె రాసుకుంటూ.

"విన్నాను. కారే చోట గిన్నె పెట్టానని చెప్పండి. ఆ రోజు వాళ్లందరికన్నా ఎక్కువ రౌండ్లు కొట్టింది ఎవరో కూడా అడగండి."

బొహౌష్ చెవులు తివాచీ రంగుకు తిరిగేవి. పందెం అతనికి గుర్తుంది. ఆ రోజు ఇదేం తంటా అనుకున్నవాడు రాదిమ్ ఒక్కడే, అతను టికెట్ కొనలేదు. కాబట్టి తివాచీ పరచమని వదినకు చెప్పే నోరు లేదు, చుట్టి వెనక్కి పంపే ధైర్యమూ లేదు. అది వసారాలోనే నిలబడి చలికాలమంతా దుమ్ము తాగింది.

వ్లాస్తాకు రాత్రిళ్లు నిద్ర పట్టిందని చెప్పలేం. ఊరికొచ్చే మేలు కాలితో తన్నానేమో అన్న పురుగు తొలిచేది. కానీ తెల్లారి పాత ఉన్ని ముందేసుకుని కూర్చుంటే చేతులకు అలాంటి అనుమానాలేవీ ఉండేవి కావు.

"ఎవరికోసమే ఇన్నేసి కుడుతున్నాం?" అంది హెద్వికమ్మ ఓ రోజు. "వచ్చేవాళ్లేరీ?"

"నేలకోసం. ఎవరూ రాకపోతే మనిద్దరమే జారదాం."

"నా తుంటి సంగతి నీకు తెలీదేమో."

"అయితే నిన్ను కూచోబెట్టి తోస్తాను."

మార్చిలో, మంచు ఇంకా పూర్తిగా కరగని ఒక పొద్దున, గుమ్మంలో ఎవరో బూట్లు విప్పుతున్న చప్పుడైంది. రాదిమ్. బస్సు లేదు, జుట్టుకు నూనె లేదు. వచ్చి కుర్చీలో ఈసారి అంచున కాకుండా మామూలుగా కూర్చున్నాడు. వ్లాస్తా సూదీ దారమూ చేతికిచ్చింది.

"ఎక్కించు. హెద్వికమ్మకి కళ్లు ఆనడం లేదు. ఈలోగా చెప్పు."

రాదిమ్ దారం కొస తడిచేసుకున్నాడు. "యాత్ర చివర్న అందర్నీ అడుగుతాం మేడమ్, ఏం నచ్చిందని. ఆ బస్సులోవాళ్లకి మీ ఊరి పేరు కూడా గుర్తులేదు. 'జారిన చోటు' అన్నారు. అందరూ. వియన్నా గురించి అడిగితే, 'అది జారిన చోటుకి ముందా, తర్వాతా?' అన్నారు." దారం సూది పక్కనుంచి పోయింది. "వాళ్లు వాళ్ల చుట్టాలకి చెప్పారు. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు డబ్బు కట్టేముందే అడుగుతున్నారు, జారే చోటు ఉందా లేదా అని. మా కంపెనీవాళ్లు…"

"పంపించారు."

"పంపించారు. అరగంట ఇవ్వగలం."

"సూదిలోకి ఎక్కిందా?"

"ఇంకా లేదు."

"తొందరపడుతున్నావు కాబట్టి. గంటన్నర."

"గంటన్నరా! మేడమ్, బుడాపెస్ట్ లిస్టులోంచి ఓ విగ్రహాన్ని తీసెయ్యాలి!"

"తీసెయ్యి. వాళ్ల దగ్గర బోలెడున్నాయి. రికార్డుల్లేవు, చెవుల్లో తొడుగుల్లేవు. నేనే చెప్తాను, వచ్చిన భాషలో, రాని భాషలో. పాపోసులు లేనిదే ఎవరూ గుమ్మం దాటరు. నువ్వు కూడా."

రాదిమ్ చాలాసేపు సూదితో కుస్తీ పట్టాడు. చివరికి దారం ఎక్కింది. ఎక్కిన సంగతి హెద్వికమ్మకు చూపించేటప్పుడు మొహంలో చిన్న వెలుగు వచ్చింది. "గంటంబావు," అన్నాడు.

"గంటన్నర," అంది హెద్వికమ్మ, సూది లాక్కుంటూ. "పాతిక నిమిషాలు నేను తొడగడానికే కావాలి."

ఏప్రిల్లో తాళం తీసిన రోజున బస్సు వచ్చింది. సారాకొట్టు యజమాని గ్లాసులు మామూలుగా తుడిచాడు. బొహౌష్ మెడలో మేయరు గొలుసు వేసుకుని వచ్చి, తిన్నగా వదిన దగ్గరికే వెళ్లి అడిగాడు, మధ్యలో అన్నయ్య లేకుండా. "అంతా బానే ఉంది వదినా. కానీ ఆ తివాచీ మాటేమిటి? ఊరి డబ్బుతో కొన్నాను. జనం అడుగుతారు."

"పరిచేశాను," అంది వ్లాస్తా. "మాటిచ్చానుగా, నా చేత్తోనే. మేకులు కూడా కొట్టాను."

బొహౌష్ గుండె పట్టుకుని హాల్లోకి తొంగిచూశాడు. నేల నేలలాగే ఉంది, దేవుడు ఇంకా జారుతూనే ఉన్నాడు.

అప్పుడే బస్సులోంచి దిగిన ఒకాయన, గడియారం చూసుకుంటూ, ఒక కాలు మీద నిలబడి ఇంకో కాలు మీదకు మారుతూ, చూడ్డానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. వ్లాస్తా ఆయన్ని ఎగాదిగా చూసి పెరటివైపు చెయ్యి చాపింది. ద్వారం దగ్గర మొదలై, రాళ్ల పెరడు పొడుగునా, కోళ్లు పక్కకు తప్పుకుంటుండగా, ఎర్రగా తిన్నగా సాగిపోయి బాత్‌రూముల ముందు ఆగింది తివాచీ. అంచులకు వరసగా, రాళ్ల సందుల్లో, మేకులు.

"తొందరున్నవాళ్లకి అటు," అంది వ్లాస్తా. "మిగతావాళ్లు నాతో రండి. పాపోసులు!"